ధాన్యం తొక్కిన మడమ

"అమ్మమ్మా, పొద్దున్న నేను కుంటుతుంటే నువ్వెందుకంత కంగారుపడ్డావు? నీకూ ఇదే మడమ నొప్పి వచ్చిందట కదా, అమ్మ చెప్పింది. నీకెలా తగ్గింది?"

ఎలా తగ్గిందా? ముందు నువ్వా కాళ్ళు కింద పెట్టకు రజనీ. ఆ ఫర్షీ రాయి మీద ఉత్తకాళ్ళతో... అదిగో, నా రబ్బరు చెప్పులున్నాయి, వేసుకో. ఇంట్లో చెప్పులేటి అంటావేటి, వేసుకోమంటున్నాను కదా. ఆఁ, అలగ. ఇప్పుడు కూచో.

పొద్దున్న నువ్వు మంచం దిగి మొదటి అడుగు వేసి "అమ్మా" అని గోడ పట్టుకున్నావు చూడు, నాకు ప్రాణం జారిపోయింది. ఆ అరుపు నాకు తెలుసు. పడుకున్నంతసేపూ ఏమీ ఉండదు. లేచి కాలు మోపీసరికి మడమలో మేకు దిగినట్టుంటుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది, సర్దుకుంది కదా అని నువ్వు మర్చిపోతావు, సాయంత్రానికి మళ్ళీ మంట. అవునా, కాదా? నీ మొహమే చెప్తోంది. ఎన్నాళ్ళబట్టి? ఏటీ, హోళీ ముందరనుంచా! హోళీ ముందరనుంచి దాచుకుని మోవాలో బడికి పోయి, రోజంతా నల్లబల్ల దగ్గర నిలబడి పాఠాలు చెప్పి వస్తున్నావా? ఇన్నాళ్ళూ మీ అమ్మకైనా చెప్పలేదేమే?

చెప్పవు. నేనూ చెప్పలేదు. అందుకే భయం వేసింది నాకు. ఇప్పుడు ఎవరో ఒక్క సూదితో పోతుందన్నారని, రేపు వెళ్ళి వేయించుకుంటానని అన్నావట. వేయించుకుందువుగాని. ముందు నా మాట విను, విన్నాక వెళ్ళు.

మేం గుఢియారీలో ఉండీవాళ్ళం కదా, రైలు పట్టాల పక్కన. నువ్వు పుట్టీసరికి ఆ గది వదిలీసేం, నీకు తెలీదు. శ్రీకాకుళం వైపునుంచి మీ తాత రాయపూర్ వచ్చి ఉస్నా మిల్లులో హమాలీగా కుదిరేడు. ఉస్నా అంటే మన ఉప్పుడు బియ్యం. బస్తాలు మోసీవాడు. పెళ్ళయ్యాక నన్నూ తెచ్చేడు, వాళ్ళమ్మనీ తెచ్చేడు. నాకప్పుడు హిందీ ముక్క రాదు. ఇక్కడి ఆడాళ్ళు కాలుని 'గోడ్' అంటారు. మొదట్లో బుధవారిన్ అని నాతో పనిచేసీ మనిషి "గోడ్ పిరాథే" అంది, అంటే కాళ్ళు నొప్పెడుతున్నాయని. నేనేమో గోడకేటయిందని వెనక్కి తిరిగి చూసేను. అది కడుపుబ్బ నవ్వింది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు మేం కలిసి పనిచేసేం, ఎప్పుడు గోడ కనిపించినా "సింగా, పిరాథే కా?" అనీది. సింహాచలం అని పలకలేక నన్ను సింగా చేసీసింది.

సరే, ఏటి చెప్తున్నాను... ఆఁ, మిల్లు. ఆ పని చూళ్ళేదు నువ్వు. ధాన్యాన్ని తొట్లలో నానబెట్టి, ఆవిరి మీద ఉడకబెట్టి, తెచ్చి సిమెంటు కళ్ళం మీద పోస్తారు. పొగలు కక్కుతుంటుంది. మేం ఆడాళ్ళం, రేజాలనీవారు మమ్మల్ని, వరసగా నిలబడి కాళ్ళు ఈడ్చుకుంటూ ఆ ధాన్యంలో నడవాలి. అడుగు ఎత్తకూడదు. కాలితో చాలు తీసినట్టు తోసుకుంటూ పోవాలి. ఒకరి వెనక ఒకరు. ఆ చివరికి వెళ్ళి తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. అలా తిప్పితేనే అడుగుది పైకొచ్చి సమంగా ఎండుతుంది. కర్ర పారలున్నాయి గాని, వాటితో ధాన్యం విరుగుతుందని మునీం, అంటే మిల్లు గుమాస్తా, ఒప్పుకొనీవాడు కాదు. కాళ్ళే కావాలి వాడికి. ఎండలో ఆ సిమెంటు, ఆ ఉడుకు ధాన్యం, ఉత్తకాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఏమీ తెలీలేదు. మీ అమ్మ, మీ పెద్దమ్మ పుట్టేరు, ఒళ్ళు కాస్త బరువెక్కింది, అయినా తొక్కుతూనే ఉన్నాను.

ఇంతలో మీ తాతకి రొమ్ము పట్టీసింది. తవుడు దుమ్ము అంతా లోపలికే పోయిందన్నారు. దగ్గి దగ్గి బస్తా ఎత్తలేకపోయేడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి నీకు. మాకు గది మిల్లుది. మిల్లు వెనక వరసగా గదులుండీవి, ఇంట్లో ఒకరైనా పనిలో ఉంటేనే గది. మీ తాత పని మానీసినరోజునుంచి ఆ గది నా కాళ్ళ మీద నిలబడింది. మీ అమ్మ అప్పుడు మెట్రిక్ చదువుతోంది. గది పోతే చదువు పోతుంది, మీ తాతని ఆ దగ్గుతో ఎక్కడ పడుకోబెట్టను?

సరిగ్గా అప్పుడొచ్చింది మడమ నొప్పి. కుడి కాలికి.

మునీం సంగతేటంటే, కళ్ళం గట్టు మీద గద్దె వేసుకుని, దాని మీద గోనె పరుచుకుని కూచుని, మా నడకే చూసీవాడు. ఎవర్తె కుంటినా పేరు కొట్టీసీవాడు. "ఘర్ జా, ఆరామ్ కర్" అనీవాడు. ఇంటికెళ్ళి పడుకోమంటే వినడానికి ఎంత బాగుందో చూడు. మళ్ళీ పిలుపు రాదు. అందుకని ఏటి చేసీదాన్నంటే, అందరికంటే ముందర లేచి, ఆ మొదటి అడుగులేవో గదిలోనే, గోడ పట్టుకుని పళ్ళు బిగబట్టి వేసీసి, సందులో ఇటూ అటూ తిరిగి, కాలు దారికొచ్చేక అప్పుడు కళ్ళానికి వెళ్ళీదాన్ని. మధ్యాహ్నం అన్నాలకి అందరూ కూచునీవారు. నేను కూచునీదాన్ని కాదు. కూచుంటే మళ్ళీ లేవాలి కదా, లేచిన అడుగు మునీం చూస్తాడు. నిలబడే తినీదాన్ని. "సింగాకి పెద్ద తొందర" అని అందరూ నవ్వీవారు. బుధవారిన్ మాత్రం నవ్వలేదు. ఒకరోజు దగ్గరికొచ్చి, "ఈసారి నిజంగానే గోడ్ పిరాథే కదే" అంది. దాని ముందర ఏడ్చీసేను.

ఇంట్లో మా అత్తకి తెలిసిపోయింది. ఊరుకుంటుందా? "మాకు లేవేటి మడమలు? మేం నడవలేదేటి? మీకేనా కొత్తగా వచ్చేయి?" అని మొదలెట్టింది. అంటూనే పొయ్యిలో ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు వేసి, నా కాలు దాని మీద అదిమీది. మనిషి నోరే గాని చెయ్యి మెత్తన. ఆ వేడికి హాయిగా ఉండీది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వేడి ఉన్నంతసేపే. తెల్లారితే మళ్ళీ మేకు.

అప్పుడెవరో చెప్పేరు, ధర్సీవా ఊరి అవతల ఒకడు వాతలు పెడతాడు, ఒక్క వాతతో మడమ నొప్పి పోతుందని. చూసేవా, అప్పుడూ 'ఒక్క'టే. మా అత్త బస్సెక్కించి తీసుకెళ్ళింది. వేపచెట్టు కింద నిప్పులు, నిప్పుల్లో చువ్వలు. మాకంటే ముందర ఒకాయన కూచున్నాడు, రెండోసారి వచ్చేడట. మొదటి వాత పుండయి చీము కారుతోంది. నొప్పి తగ్గిందా అంటే, "పుండు నొప్పిలో ఆ నొప్పి తెలీడం లేదు" అన్నాడు. నేను లేచీసేను. మా అత్త కొంగు పట్టుకు లాగుతోంది, "కూచోవే, బస్సు డబ్బులు దండగ" అని. "అయితే నువ్వు పెట్టించుకో వాత, దండగవ్వదు" అన్నాను. గుఢియారీ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. మర్నాడు మళ్ళీ ఇటుక కాల్చింది.

ఇంక పెద్దాసుపత్రికి వెళ్దామన్నారు. వానాకాలం, ధాన్యం ఆరబెట్టడం లేదు, అందుకని వెళ్ళగలిగేను. మా అత్త కూడా వచ్చింది. డాక్టరు కుర్రాడు, వరసలో ఎంతమందో ఉన్నారు. "క్యా తక్లీఫ్?" అన్నాడు, ఏటి బాధని. పైర్ అని కాలు చూపించేను. "ఏడీ?" అన్నాడు. హిందీలో ఏడీ అంటే మడమ, అది నాకు తెలుసు. నేను నోరు విప్పేలోగా మా అత్త, "వాడా, వాడికి దగ్గు బాబూ, ఇంట్లో పడుకున్నాడు" అంది. నవ్వకు. ఏడీ అంటే కొడుకెక్కడని అడుగుతున్నాడనుకుంది మరి.

అది నవ్వులాట. నాకు చేటు తెచ్చింది ఆ తరవాత మాట. "తల్వే మే దర్ద్ హై?" అని అడిగేడు. నేను కాలు చూపిస్తే ఈయన తలనొప్పి ఉందా అని అడుగుతాడేటి అనుకున్నాను. తల నొప్పి లేదు కదా. లేదని బుర్ర ఊపేను. మిల్లులో గోడ్ అనీవారు, పైర్ అనీవారు, ఏడీ అనీవారు. తల్వా అన్న మాట అన్నేళ్ళలో ఒక్కసారీ నా చెవిన పడలేదు. తల్వా అంటే అరికాలు! ఆయన అరికాలు నొప్పి ఉందా అంటే నేను లేదన్నాను, చూడు.

సరే, చూద్దామని వంగి నా కాలు పట్టుకోబోయేడు. నేను చటుక్కున లాగీసుకున్నాను. అంత చదువుకున్నవాడు నా కాలు పట్టుకోవడమేటి, పాపం కాదా? పైగా ఆ కాలు చూడాలి నువ్వు, పగుళ్ళు, ధాన్యం పసుపు, గోళ్ళలో ఊక. చీర కుచ్చెళ్ళు లాగి కప్పీసేను. ఆయన మళ్ళీ అడగలేదు. వెనక జనం తోసుకుంటున్నారు. వాతం అన్నాడు, మాత్రలు రాసేడు. ఆయన్నేం అనను. నేను లేదని చెప్పి, చూపించకుండా దాస్తే ఆయనేం చేస్తాడు?

ఇంటికొచ్చి మీ తాతతో, "కాలు చూపిస్తే తల నొప్పా అంటాడు, మంచి డాక్టరే" అని నవ్వేను కూడా.

ఆ మాత్రలు మింగినపూట కాస్త నయమనిపించీది. నయమనిపిస్తే ఇంకోటి. అన్నం తినకముందే మింగీసి మిల్లులో వానాకాలపు చెరుగుడు పనికి పరిగెత్తీదాన్ని. ఎన్నాళ్ళు తిన్నానో. కడుపులో నిప్పులు పోసినట్టయిపోయింది, మజ్జిగన్నం కూడా దిగలేదు. అటు మడమా తగ్గలేదు, ఇటు కడుపూ పోయింది. మీ తాత ఆ మాత్రలు పట్టుకెళ్ళి మురిక్కాలవలో పారేసేడు, దగ్గుకుంటూ.

తరవాత బజార్లో మందుల కొట్టు కాంపౌండరు చెప్పేడని ఫోటో తీయించేను, ఎక్స్‌రే. వాడు దాన్ని వెలుతురుకి పెట్టి, "యే దేఖ్, హడ్డీ బఢ్ గయీ హై" అన్నాడు. ఎముక పెరిగిపోయిందట. చూస్తే నిజమే, మడమ కింద ముల్లులాగ, గోరంత, ముందుకి సాగి ఉంది. "కటానా పడేగా," అన్నాడు, కోయించాలి అని. "లేకపోతే?" అన్నాను. "ఇంకా పెరుగుతుంది" అన్నాడు.

రజనీ, ఆరోజునుంచి నాకు నిద్ర లేదు. పడుకుంటే ఆ ముల్లు పెరుగుతున్నట్టే ఉండీది. తోటకూర మొక్క పెరిగినట్టు లోపల్లోపల పెరిగి, ఏదో ఒకరోజు చర్మం చీల్చుకుని బయటికొస్తుందని. మాటిమాటికీ కాలు తడుముకునీదాన్ని. కోయిస్తే మంచాన పడాలి. మంచాన పడితే పేరు పోతుంది, పేరు పోతే గది. కోయించకపోతే ముల్లు. బుధవారిన్ ఓదారుద్దామని వచ్చి, వాళ్ళ ఊళ్ళో ఒకర్తె కాలు కోయించుకుని ఇంక లేవలేదని చెప్పి వెళ్ళింది. అది ఓదార్పు! మా అత్త మళ్ళీ ధర్సీవా మాటెత్తింది. మీ అమ్మ పుస్తకం ముందర పెట్టుకుని నావేపే చూసీది. చదువు మానీసి నీ బదులు కళ్ళానికి నేనొస్తానంది ఒకరోజు. దాని చెంప పగలగొట్టేను. తరవాత దాని పాదాలు చూస్తూ కూచున్నాను. మెత్తగా, తెల్లగా ఉండీవి.

అప్పుడు నిశ్చయించుకున్నాను, కోస్తే కోయనీ అని. ఫోటో పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళేను, ఒక్కర్తినే. ఈసారి పెద్ద డాక్టరు, ఎముకలాయన, ముసలాయన. పక్కన సిస్టరమ్మ. నేను ఏదో గొణుక్కుంటుంటే విని, "ఏమ్మా, మనవాళ్ళేనా?" అంది. కాకినాడ దగ్గర పల్లె ఆవిడది, క్రిస్టియన్లు. మెళ్ళో సన్న గొలుసుకి సిలువ ఉండీది. ఆ తెలుగు వినీసరికి నాకు ఏడుపాగలేదు. ఆయన మళ్ళీ అదే ప్రశ్న, "తల్వే మే?" నేను మళ్ళీ బుర్ర అడ్డంగా ఊపేను, "తల బానే ఉందమ్మా" అని ఆవిడతో అన్నాను. ఆవిడ నావేపు చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "తల కాదమ్మా, తల్వా! అరికాలు!" అని, నేనేమనుకున్నానో ఆయనకీ చెప్పింది. ఆయన గట్టిగా నవ్వేడు.

నవ్వి, ఒక చిన్న స్టూలు లాక్కుని నా ముందర కూచుని, కాలిమ్మన్నాడు. నేను లాక్కున్నాను. ఆయనకి కోపం వచ్చింది. సిస్టరమ్మ తెలుగులో చెప్పింది, "కాలు చూపించడానికొచ్చి కాలు దాచుకుంటే నేను దేన్ని చూడను, నీ మొహాన్నా, అంటున్నారమ్మా." ఇచ్చేను. కళ్ళు మూసుకుని ఇచ్చేను. ఆయన తన మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలితో మడమ కింద, కాస్త లోపలి పక్కకి, ఇదిగో ఇక్కడ, ఒక్క చోట నొక్కేడు. నేనరిచిన అరుపుకి వరండాలో జనం లేచి నిలబడ్డారు. "యహీ హై," అన్నాడు. ఇదేనట. అన్నాళ్ళూ ఎవరూ నొక్కని చోటు అది. నేను నొక్కనివ్వని చోటు.

అక్కడితో ఆగలేదు. రెండో కాలు చూసేడు, మడమ వెనకనుంచి పైకి వెళ్ళే లావు నరం చూసేడు, పిక్కలు నొక్కేడు. నడుం పట్టేస్తుందా, తిమ్మిర్లున్నాయా, జ్వరం వస్తోందా, షుగరుందా, అన్నీ అడిగేడు. మూత్రం పరీక్షకి పంపించేడు. మడమ నొప్పులన్నీ ఒకటి కావట, ఒక్కోసారి ఇంకేదో రోగం కూడా అక్కడ బయటపడుతుందట. నాకవేవీ లేవని తేలింది.

నేను ఫోటో చూపించి, "ఇది పెరగదా సాబ్?" అన్నాను. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. ఇలాంటి ముల్లు చాలామందికి ఉంటుందట, నొప్పి లేనివాళ్ళకి కూడా. అది పొడుచుకుని బయటికి రాదు, నీ నొప్పి దానివల్ల కాదు అన్నాడు. మడమనుంచి వేళ్ళదాకా అరికాల్లో ఒక గట్టి పట్టీ ఉంటుందట, విల్లుకి తాడులాగ. గట్టి నేల మీద, ఉత్తకాళ్ళతో, రోజంతా లాగి లాగి అది మడమ దగ్గర చిట్లినట్టయిందట. రాత్రి పడుకుంటే ముడుచుకుంటుంది, పొద్దున్న కాలు మోపగానే ఒక్కసారి లాగుతుంది. ఆ మేకు అదే. చూసేవా, ఎంత చిన్న సంగతి. అది తెలీక నేనెన్ని చావులు చచ్చేనో.

కోయక్కర్లేదన్నాడు. అన్నీ చేసి, ఏళ్ళు చూసి, అప్పటికీ లొంగని వాళ్ళకి ఎక్కడో కోతట. సూది గురించీ అడిగేను. అడక్కుండా ఉంటానా? సూది ఉంది, మరీ తట్టుకోలేకపోతే ఒకటి వేస్తాను, కాని మాటిమాటికీ వేయించుకుంటే ఆ పట్టీయే తెగిపోవచ్చు అన్నాడు. నువ్వు రేపు ఈ మాట అడుగు మీ డాక్టర్ని. అడిగి, చూసి, ఆయన వెయ్యాలంటే వేయించుకో. ఒక్కటితో పోతుందని మాత్రం వెళ్ళకు.

మంచం దిగేముందరే కాలి వేళ్ళని చేత్తో నీ వేపు లాక్కో, అరికాలు సాగుతుంది. గోడకి చేతులానించి, కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకానించి, పిక్క సాగేలాగ నిలబడు. సీసాలో చన్నీళ్ళు పోసి అరికాలి కింద దొర్లించు. ఇటుక కాపడం పెట్టుకుంటే పెట్టుకో గాని కాల్చుకోకు. ఇలగ చెప్పేడు. నెలలు పడుతుంది, ఓపిక పట్టు అన్నాడు. ఆఖరున, "ఉత్తకాళ్ళతో నడవడం బంద్. ఇంట్లో, పనిలో, మెత్తటి చెప్పులు" అన్నాడు.

పనిలోనా! నేనూ సిస్టరమ్మా మొహాలు చూసుకున్నాం. ఆయనకి తెలీదు కదా నా పనేటో. ధాన్యం మీద చెప్పులా? లక్ష్మి మీద? ఉత్తకాళ్ళతో తొక్కుతాం, తొక్కేముందర రోజూ వంగి కళ్ళకద్దుకుంటాం. చెప్పులేసుకుని ఎక్కితే అన్నం పుడుతుందా? మునీం దాకా ఎందుకు, నాకే ఒళ్ళు జలదరించింది. చేతిలో చిట్టీ పట్టుకుని నడిచొచ్చేనే గాని, మందు దొరికీ అందనట్టయింది నాకు.

ఇంట్లో చెప్పులకే యుద్ధం అయింది. మా అత్త వంటింటి గుమ్మంలో అడ్డంగా కూచుంది. "పొయ్యి దగ్గరకి చెప్పులతో వచ్చేవంటే నేను నీళ్ళు కూడా ముట్టను" అంది. "వంట నువ్వు చెయ్యి, నేను గుమ్మం అవతలే కూచుని తింటాను" అన్నాను. రెండ్రోజులు వండింది. మూడోరోజు, "కొత్త చెప్పులే కదా, వీధిలోకి వేసుకెళ్ళకపోతే సరి" అంది.

వానలు తగ్గేయి, కళ్ళం మొదలవుతుంది. నేను రోజూ దానికోసమే ఆలోచించీదాన్ని. ఉత్తకాళ్ళతో దిగితే పట్టీ మళ్ళీ చిట్లుతుంది, దిగకపోతే గది పోతుంది. గదిలో చూస్తే ఒక మూల పాత గోనెలు. ఎన్నాళ్ళబట్టో అక్కడే ఉన్నాయి. దబ్బనం, పురికొస మిల్లు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. కూచుని కుట్టేను. మడమ కింద పాత బొంత మడతలు వేసి, మీద గోనె చుట్టి. మొదట కాలంతా మూసి కుట్టేను, సంచిలో కాలు పెట్టినట్టు. వేళ్ళు కదల్లేదు, ధాన్యం తిరగదు. విప్పి మళ్ళీ కుట్టేను, వేళ్ళు బయటికి, మడమ మాత్రం గూట్లో.

కళ్ళం మొదటిరోజు వేసుకుని వెళ్ళేను. వంగి ధాన్యం కళ్ళకద్దుకుని ఎక్కేను. మునీం గద్దె దిగి వచ్చీసేడు. "ఏ మద్రాసిన్! లక్ష్మీ పర్ జూతా?" అని అరిచేడు, లక్ష్మి మీద చెప్పా అని. అందరూ ఆగిపోయేరు. కాని అన్నాళ్ళూ మింగిన భయమంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది చూడు. "జూతా కాదు మునీంజీ, గోనె. నీ బియ్యం పోసేదీ దీన్లోనే. బియ్యం ఉంటే మైలపడనిది నా కాలుంటే మైలపడుతుందా?" అన్నాను, నా వచ్చీరాని హిందీలో.

"కాలికి తొడిగితే జూతాయే," అన్నాడు.

"నువ్వు రోజూ గోనె మీద కూచుంటావు, అది నీ పంట్లామా?" అన్నాను.

బుధవారిన్ మొదలెట్టింది నవ్వు. వరసంతా అందుకుంది. హమాలీలు కూడా బస్తాలు దించి నవ్వుతున్నారు. మునీం మొహం ఎర్రబడింది. నేననుకున్నాను, అయిపోయింది, పేరు కొట్టీసేడు, సాయంత్రం సామాన్లు సర్దుకోవాలి అని. నోరెందుకు జారేను దేవుడా అని. వాడు నా కాళ్ళవేపు చూసేడు, ధాన్యం వేపు చూసేడు. "ధాన్యంలో పీచు కనిపిస్తే చూసుకో," అని వెళ్ళి గద్దె మీద కూచున్నాడు. కూచున్నాక కిందనున్న గోనెని ఒకసారి చూసుకున్నాడు కూడా. ఆ నెలలోనే బుధవారిన్‌కి కుట్టిచ్చేను, తరవాత ఇంకో ముగ్గురికి. మడమ నొప్పి ఎవరికి లేదు? అందరూ దాచుకున్నవాళ్ళే.

తగ్గిందా అంటే, వెంటనే తగ్గలేదు. గోడ దగ్గర సాగదీసుకోవడం, సీసా, రోజూ చేసేను. ఒక వారం బాగుండీది, మళ్ళీ తిరగబెట్టీది. తిరగబెట్టినప్పుడల్లా ఆ ముల్లే గుర్తొచ్చీది, డాక్టరు తప్పు చెప్పేడేమో అని. మళ్ళీ వానలొచ్చేదాకా అలాగే. ఒకరోజు కుళాయికి వెళ్ళి బిందె పెట్టి, అది నిండుతుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఈ పూట మొదటి అడుగు నొప్పెట్టలేదని. సంతోషం వచ్చిందనుకుంటున్నావా? భయం వేసింది. వెనక్కొచ్చి మంచం మీద పడుకుని, మళ్ళీ లేచి కాలు మోపి చూసేను. మా అత్త, "పిచ్చి పట్టిందేమే" అంది. నొప్పెట్టలేదు. మీ అమ్మ మెట్రిక్ పాసయ్యి, పైచదువు చదివి, ఉద్యోగంలో చేరేదాకా ఆ గది నిలబడింది.

ఏటి చూస్తున్నావలా? ఏదో అనాలని ఉంది నీకు. అను.

"మా బడిలో టీచర్లకి కుర్చీలుండవు అమ్మమ్మా. అడిగితే తీసేస్తారేమో అని..."

అదీ సంగతి. అందుకా దాచేవు. నాకు పొద్దున్నే తెలిసింది, నొప్పి ఒక్కటే కాదు, ఇంకేదో ఉందని. భయమే. నాకు తెలుసు ఆ భయం. నేను పోగొడతానని చెప్పను, నాకూ ఉంది, ఇప్పుడూ ఉంది. మీ పెద్దమేడమ్ తీసేస్తుందేమో, తీసేయదేమో, నాకేం తెలుసు? కొత్త రాష్ట్రం వచ్చి రాయపూర్ రాజధాని అవుతుందంటున్నారు, బళ్ళు బోలెడు వస్తాయిలే అని చెప్పి నిన్ను మభ్యపెట్టను. కాని అడుగు. డాక్టరు చేత రాయించుకుని వెళ్ళి అడుగు. పీరియడంతా కాకపోయినా, పిల్లలు రాసుకునే వేళ కూచోనిమ్మను. చెప్పడం చేతకాకపోతే నన్ను తీసుకెళ్ళు. నవ్వుతావేటి, వస్తాను. ఆవిడ ఏ కుర్చీలో కూచుని వద్దంటుందో అదే కుర్చీ చూపిస్తాను.

రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను. నిన్ను ఒక్కర్తినీ పంపను. ఇటు రా, కాలు ఇలా పెట్టు నా ఒళ్ళో. పెట్టవే, పెద్దదాన్నని ఏమీ అనుకోకు. ఇక్కడా? ఇక్కడేనా? ఇంకొంచెం లోపలికా... ఆఁ. సరే, సరే, నొక్కను. చల్లగా ఉండు తల్లీ. నీకింకా చాలా దూరం నడవాల్సుంది, నీ కాళ్ళకి ఏ కష్టం రాకూడదు. నూరేళ్ళు నీ కాళ్ళ మీద నువ్వు... ఆ పిక్క చూడు, ఎంత బిగుసుకుపోయిందో, పొద్దున్నించి నిలబడే ఉంటావు కాబోలు... వదులు చెయ్యి, ఇంకొంచెం వదులు...